రోబోకి బ్లాకులు చాలా, పైథాన్‌లోకి దిగాలా?

రోబోటీచర్:
పదకొండేళ్ల పిల్లలకి రోబో ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాను, అంతా బ్లాకులతోనే. "రంగు ముక్కలు లాగి అతికిస్తే కోడింగ్ ఎలా అవుతుంది, నేరుగా టైప్ చేసి రాసే పైథాన్ భాష చెప్పండి" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. మీరేమంటారు?

పాతకోడర్:
వాళ్లు అడిగేది కరెక్టే. లోగో భాష 1967లో పుట్టింది, ఆ తర్వాత కొన్నేళ్లకే పిల్లలు "ఫార్వర్డ్ 100, రైట్ 90" అని టైప్ చేసి తాబేలు రోబోని నడిపారు. వాళ్లకి కుదిరింది వీళ్లకి ఎందుకు కుదరదు?

లైన్‌ఫాలోయర్:
పాతకోడర్ గారూ, లోగోని తయారుచేసిన వాళ్లలో ఒకరైన పాపర్ట్‌తో కలిసి పనిచేసిన రెస్నిక్ బృందమే 2007లో బ్లాకులతో నడిచే స్క్రాచ్‌ని తెచ్చింది, అంటే టైపింగ్ దగ్గర ఆగిపోయే పిల్లలు వాళ్లకీ కనిపించారు కదా.

నల్ల గీత వెంట నడిచే రోబోనే తీసుకోండి. కింద పడే వెలుతురుని కొలిచే సెన్సర్ తెల్ల కాగితం మీద 80, గీత మీద 10 చూపిస్తే హద్దు 45 దగ్గర పెట్టాలి, ఆగకుండా తిరిగే లూప్‌లో "హద్దు కన్నా తక్కువైతే ఇటు, లేకపోతే అటు" అని చెప్పాలి. గదిలో వెలుతురు మారితే ఆ లెక్క మారిపోతుంది. లూప్ మధ్యలో "ఒక సెకను ఆగు" అని పెడితే ఆ సెకనంతా సెన్సర్‌ని ఎవరూ చూడరు, రోబో మలుపు దాటి పోతుంది. మోటారుని ఇన్ని సెకన్లని కాకుండా ఇన్ని డిగ్రీలని తిప్పకపోతే బ్యాటరీ తగ్గేకొద్దీ మలుపు చిన్నదవుతుంది. అసలు కష్టం ఇదీ. దీనికి పెట్టాల్సిన బుర్ర, కోలన్ మర్చిపోయినందుకు వచ్చే ఎర్రర్ మీద ఖర్చయిపోతే ఏం లాభం?

వైన్‌ట్రాప్, విలెన్‌స్కీ అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఐదు వారాల తర్వాత హైస్కూల్ పిల్లల్లో టైప్ చేసి నేర్చుకున్న వాళ్లకన్నా బ్లాకుల వాళ్లే ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది.

పాతకోడర్:
సగం చెప్పి వదిలేశారు. అదే పిల్లలు తర్వాత పది వారాలు, టైప్ చేసి రాసే జావా భాష చేస్తే రెండు గుంపులకీ తేడా లేదు.

లైన్‌ఫాలోయర్:
నిజమే, కానీ బ్లాకులతో మొదలుపెట్టడం వల్ల నష్టం లేదని కూడా అదే చెబుతోంది!

పాతకోడర్:
సరే, మొదలుపెట్టడానికి ఒప్పుకుంటాను, అక్కడే ఉండిపోవడానికి మాత్రం ఒప్పుకోను. గీత నుంచి ఎంత పక్కకి పోయిందో లెక్కగట్టి అంత మేరకే తిప్పాలంటే తీసివేత, గుణకారం, మళ్లీ కూడిక ఒకదాంట్లో ఒకటి దూర్చాలి, ఆ బ్లాకు పొడుగ్గా సాగి తెర దాటిపోతుంది. అదే టెక్స్ట్‌లో ఒక్క లైను.

లైన్‌ఫాలోయర్:
అక్కడ మీతో ఏకీభవిస్తాను. రోబోటీచర్ గారూ, మారాల్సిన సమయం అదే, వయసు కాదు. మైక్రోబిట్ అనే చిన్న బోర్డు వాడుతుంటే, దానికి కోడ్ రాసే మేక్‌కోడ్ ఎడిటర్‌లో అదే ప్రోగ్రామ్‌ని బ్లాకులుగానూ పైథాన్‌గానూ చూడొచ్చు.

రోబోటీచర్:
మా క్లాసులో ఇద్దరు ఇప్పటికే ఆ పొడుగు బ్లాకుతో తంటాలు పడుతున్నారు. వాళ్లని పైథాన్‌కి మారుస్తాను, మిగతావాళ్లు ఇంకా హద్దు లెక్క దగ్గరే ఉన్నారు.