“కీడును కలుగజేయువాడను”: ఇక్కడ కీడు అంటే పాపమా?

పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగిన వాదన ఇది. అందులో సగం మాటల గురించే కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, దేవుణ్ణి నమ్మడు. భోజనాలయ్యాక ఫోన్‌లో 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్ తీసి యెషయా 45:7 చూపించాడు. అక్కడ ‘ఐ క్రియేట్ ఈవిల్’ అని ఉంది. “చూడు పెదనాన్నా, పాపాన్ని నేనే సృష్టించానని మీ దేవుడే ఒప్పుకున్నాడు. ఇక సాతాను మీద నెట్టడం ఎందుకు?” అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. తన పాత తెలుగు బైబిల్ తెచ్చి అదే వచనం తీశారు. అక్కడ ఉన్న మాట “కీడును కలుగజేయువాడను”. “పాపం అని ఎక్కడుందిరా?” అన్నారు. వాడు “రెండూ ఒకటే కదా” అన్నాడు. టీ వచ్చింది, మాట మారిపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. రెండూ ఒకటేనా?

నా లెక్కలో ఒకటి కాదు. మనం మాట్లాడే తీరులోనే తేడా ఉంది. పాపం నేను చేస్తాను, కీడు నాకు జరుగుతుంది. “వాడు పాపం చేశాడు” అంటే ఎవరికి అని అడగకపోయినా వాక్యం నిలబడుతుంది. “వాడు కీడు చేశాడు” అంటే వెంటనే “ఎవరికి?” అని అడుగుతాం. పాపం చేసినవాడి దగ్గర ఉంటుంది, కీడు పడినవాడి దగ్గర ఉంటుంది. కీడెంచి మేలెంచమన్న పెద్దలు పాపాన్ని ఎంచమనలేదు, రాబోయే నష్టాన్ని ముందు ఊహించుకోమన్నారు. ఊరికి కీడు సోకిందని ఒక రోజంతా ఇళ్లు వదిలి పొలాల్లో వండుకునే పల్లెలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ కూడా కీడు అంటే ఊరి మీద పడే ఆపదే.

హీబ్రూలో ఆ చోట ఉన్న మాట ‘రా’. ఇది చాలా వెడల్పైన మాట. ఆదికాండంలో “మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షము” అన్నప్పుడు ‘చెడ్డ’ ఇదే. “దేవునివలన మేలు అనుభవించుదుమా, కీడును మనము అనుభవింప తగదా” అని యోబు భార్యతో అన్నప్పుడు ‘కీడు’ ఇదే. ఆమోసు 3:6లో పట్టణం మీదికి వచ్చే ‘ఉపద్రవము’ కూడా ఈ కుటుంబం మాటే. యిర్మీయా 24లో తినడానికి పనికిరాని అంజూరపు పండ్లనూ ఇదే మాటతో చెప్పారు. పండు పాపం చేయదు కదా. అంటే ‘రా’ ఎక్కడ ఏ అర్థం ఇస్తుందో పక్కనున్న మాట చూసి తేల్చుకోవాలి.

యెషయా 45:7లో పక్కనున్న మాట షాలోమ్. వెలుగుకు చీకటి జత అయినట్టే షాలోమ్‌కు ‘రా’ జత. షాలోమ్ అంటే క్షేమం, అన్నీ సవ్యంగా ఉండటం. దానికి ఎదురు నిలిచేది పాపం కాదు, ఆపద. మన బైబిల్ షాలోమ్‌ను ‘సమాధానము’ అంది, అందుకే “సమాధానకర్తను” అని వస్తుంది. చర్చి గడప దాటితే ఆ మాటకు జవాబు చెప్పేవాడు అనే అర్థం వస్తుంది, కాబట్టి బయటి పాఠకుడికి ఈ జత కనబడదు. 1952లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం ‘ఈవిల్’ తీసేసి ‘వో’, అంటే కష్టం, అంది, ఆ తర్వాతివి కొన్ని ‘డిజాస్టర్’, ‘కలామిటీ’ అన్నాయి, రెండిటికీ విపత్తు అనే అర్థం. మన తెలుగువాళ్లు మార్చాల్సిన అవసరమే రాలేదు. కీడు అన్నప్పుడే సరిగ్గా అన్నారు.

ఇక క్రియలు. ఇది చూసినప్పుడు నేను ఆగిపోయాను. ఆదికాండం మొదటి వచనంలోని “సృజించెను”కు మూలం ‘బారా’. దేవుడు మాత్రమే కర్తగా ఉండే క్రియ అది. యెషయా 45:7లో ఆ క్రియ చీకటికీ కీడుకూ వాడారు. వెలుగుకు వాడింది వేరే క్రియ, కుమ్మరి మట్టిని మలిచినట్టు మలచడం అనే అర్థమున్నది. తెలుగులో అది తిరగబడింది: వెలుగును “సృజించువాడను”, అంధకారాన్నీ కీడునూ “కలుగజేయువాడను”. అనువాదకులు కావాలనే మెత్తబరిచారని నేను అనను. “వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను” అని మొదటి అధ్యాయంలో వెలుగుకూ ‘కలుగు’ వాడినవాళ్లే వీళ్లు. కానీ ఫలితం మాత్రం మెత్తగానే ఉంది. ‘సృజించు’లో చేయి కనబడుతుంది, ‘కలుగజేయు’లో ఆ చేయి కొంచెం వెనక్కి జరుగుతుంది. కాబట్టి తమ్ముడి ప్రశ్నను నామవాచకం దగ్గర తోసిపుచ్చినా, క్రియ దగ్గర తోసిపుచ్చలేం. మూలంలో ఆ వాక్యం ఇంకా గట్టిగా ఉంది.

ఈ ఇబ్బంది మనకు కొత్తగా వచ్చింది కాదు. యూదుల ఉదయ ప్రార్థనలో ఈ వచనమే ఉంటుంది, కానీ చివర ‘కీడును’ అనే చోట ‘సమస్తమును’ అని చదువుతారు. రోజూ పొద్దున్నే నోటితో అనలేక మార్చుకున్నారని నాకు అనిపిస్తుంది. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికిన పాత యెషయా గ్రంథపు చుట్టలో ఇదే వచనంలో ‘షాలోమ్’కు బదులు ‘టోవ్’, అంటే మేలు, ఉంది. అంటే ‘మేలును చేయువాడను, కీడును కలుగజేయువాడను’. మన మేలు కీడుల జత అక్షరాలా అక్కడుంది! రెండో శతాబ్దంలో మార్కియన్ అనే క్రైస్తవ బోధకుడు, కీడు కలుగజేసే ఈ సృష్టికర్త యేసు చెప్పిన తండ్రి కాదన్నాడు. తెర్తుల్లియన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత అతనికి జవాబు రాస్తూ కీడు రెండు రకాలన్నాడు: ఒకటి తప్పు, రెండోది ఆ తప్పుకు పడే శిక్ష. మొదటిది మనుషులది, రెండోది దేవుడిది అని విడదీశాడు.

ఆ వివరణ దగ్గర నాకు పేచీ ఉంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. పది వేలమందికి పైగా పోయారు. ఉయ్యాలలో ఉన్న పిల్లలకు అది ఏ తప్పుకు శిక్ష? ఆ తీరంలోనే పుట్టిన మా అమ్మమ్మ ముందు ఎవరూ ఆ మాట అనే ధైర్యం చేయలేదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్ల కంటే పెద్ద అపరాధులు కారని యేసే చెప్పాడు, లూకా 13లో. మన భాషలో ఒక విచిత్రం కూడా ఉంది. ఎవరికైనా కీడు జరిగితే “అయ్యో పాపం” అంటాం. జాలిపడే నోటితోనే పాపం పేరు ఎత్తుతాం. కష్టం వచ్చినవాడి వెనక ఏదో పాపం ఉంటుందన్న పాత నమ్మకం ఆ పలుకులో దాగి ఉందేమోనని నా అనుమానం.

*

కింద అడిగినవాళ్లకు.

అక్కా, అన్నలు గోతిలో పడేసి అమ్మేసిన యోసేపు, తర్వాత వాళ్లతో అన్న మాట బాగా గుర్తుచేశారు. “మీరు నాకు కీడు చేయ నుద్దేశించితిరి” అన్నప్పుడు అన్నలు చేసింది పాపమే కదా, మరి అక్కడ కీడు అన్నారేం అని అడిగారు. అవును, చేసింది పాపమే. కానీ ‘నాకు’ అన్న మాట చూడండి. గోతిలో పడినవాడు మాట్లాడుతున్నాడు కాబట్టి కీడు అన్నాడు. అదే పనిని అన్నల వైపు నుంచి చెప్పేటప్పుడు అపరాధం, పాపం అంటారు. పని ఒకటే, నిలబడి చూసే చోటు వేరు. “కీడువలన జయింపబడక, మేలు చేత కీడును జయించుము” అని రోమా 12లో ఉన్నదీ నీకు ఎదురైన కీడు గురించే.

తమ్ముడూ, నువ్వు కూడా ఈ గ్రూపులోకి వచ్చి రాసినందుకు సంతోషం. ‘కీడు అంటే ఆపద అని ఒప్పుకున్నా నా ప్రశ్న పోలేదు’ అన్నావు. పోలేదు, నేనూ ఒప్పుకుంటున్నాను. డార్విన్‌ను కుదిపిందీ ఇదే ప్రశ్న. 1860లో ఆయన అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు ఒక ఉత్తరం రాశాడు. బతికున్న గొంగళిపురుగు లోపల పిల్లలు పెరిగి దాన్ని తినేసే కందిరీగల్ని దయగల సర్వశక్తుడు కావాలని సృష్టించాడని నమ్మలేకపోతున్నానన్నాడు. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట ఆయన పదేళ్ల కూతురు జబ్బుతో చనిపోయింది. ఉత్తరం అందుకున్న గ్రే విశ్వాసి, పరిణామాన్ని అమెరికాలో గట్టిగా సమర్థించినవాడు కూడా. నమ్మకం ఉంటే పరిణామం ఒప్పుకోకూడదు అన్న గీత అప్పుడే అందరికీ ఒకేలా లేదు.

కానీ ఆదికాండం మొదటి అధ్యాయంలో జంతువుల సృష్టి దగ్గర ఉన్న “వాటి వాటి జాతి ప్రకారము” అన్న మాటతో ‘జాతులు మారవని బైబిల్ చెప్పింది, సైన్సు మారతాయంది, కాబట్టి ఒకటి అబద్ధం’ అన్నావు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. హీబ్రూలో అక్కడ ఉన్నది ‘మీన్’, అంటే రకం. లేవీయకాండం 11లో డేగలకూ మిడతలకూ కూడా అదే మాట వాడారు. మన జీవశాస్త్రం పుస్తకాల్లో స్పీషీస్‌కు జాతి అనీ జీనస్‌కు ప్రజాతి అనీ పేర్లు తర్వాత పెట్టుకున్నాం. బైబిల్లోని జాతీ, జీవశాస్త్రంలోని జాతీ ఒకే అక్షరాలతో ఉన్నాయి, అంతే. ఒంగోలు జాతి ఎద్దు అన్నప్పుడు జీవశాస్త్రం జాతి కాదుగా అది. తెలుగులో చదివినవాడికే ఈ గొడవ ఇంత సూటిగా తగులుతుంది, ఎందుకంటే బడిలోనూ గుడిలోనూ ఒకే మాట విన్నాం. ఆ వచనంలోనే ఇంకో క్రియ ఉంది, అది కూడా చూడు: “భూమి పుట్టించుగాక”. పుట్టించే పని అక్కడ భూమికి అప్పగించారు.

చివరగా ఒక మనవి. నాన్న దగ్గరున్న ప్రతిలో మొదటి పేజీలు ఊడిపోయాయి, ముద్రణ సంవత్సరం తెలియడం లేదు. మీ ఇళ్లలో తాతల నాటి తెలుగు బైబిల్ ఉంటే యెషయా 45:7 పేజీ ఫొటో పెట్టండి. ‘కలుగజేయువాడను’ అనే ఉందా, ఎక్కడైనా కీడుకు ‘సృజించు’ వాడారా అన్నది నాకు చూడాలని ఉంది.