పిల్లుల్ని పోగేసి చూసుకోలేనివాళ్ల మీద కేసు పెట్టాలా, వద్దా?

మ్యావ్‌రాణి
ఇంటి నిండా పిల్లులు. కొన్నింటికి పుసులు కట్టి కళ్లు తెరుచుకోవట్లేదు, కొన్ని ఎముకల గూళ్లలా ఉన్నాయి, మూలన ఒకటి ఎప్పుడు చచ్చిపోయిందో కూడా తెలీదు. ఆ మనిషిని అడిగితే "నేను తెచ్చుకోకపోతే ఇవన్నీ వీధిలో చచ్చిపోయేవి" అంటారు. ఇలాంటివాళ్లను కోర్టుకు లాగడం న్యాయమేనా?

నెమ్మదిరాయుడు
నా ఓటు వద్దు అనే. ఇది జబ్బండీ. 2013లో అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 అనే రుగ్మతల పుస్తకంలో హోర్డింగ్‌ను, అంటే వదులుకోలేక అతిగా పోగేసుకోవడాన్ని, విడిగా ఒక రుగ్మతగా చేర్చారు, జంతువుల్ని పోగేయడం గురించి కూడా అందులో రాశారు. జబ్బు మనిషికి కావాల్సింది డాక్టరు, పోలీసు కాదు.

నల్లకోటు
జబ్బే, కాదనను. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లమని ఆ మనిషికి చెప్పేదెవరు? ఇంటివాళ్లు చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటారు. తలుపు తీయించాలన్నా, ఇక కొత్తవి తేవద్దని కట్టడి చేయాలన్నా అధికారం ఉన్నవాళ్లే చేయాలి. కేసు అనగానే జైలే గుర్తొస్తోంది మనకు.

బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్‌కు ఉన్న 2006 జంతు సంక్షేమ చట్టం చూడండి. కావాలని హింసించారా, ప్రేమతో పెంచారా అన్న దగ్గర అది ఆగిపోదు. జంతువు అవసరాలు తీర్చడానికి చేయాల్సినంత చేశారా లేదా అని అడుగుతుంది. ముందు ఇన్‌స్పెక్టర్ నోటీసు ఇవ్వొచ్చు: ఫలానా లోపం, ఇన్ని రోజుల్లో సరిదిద్దండి అని. వినకపోతే కోర్టు. శిక్ష పడితే, ఇకపై జంతువుల్ని పెంచకూడదని కూడా ఉత్తర్వు ఇవ్వొచ్చు. అమెరికాలోని ఇల్లినాయిస్ 2001లోనే పెంపుడు జంతువుల హోర్డర్ అంటే ఎవరో చట్టంలో నిర్వచించింది. అలాంటివాళ్లకు మానసిక పరీక్ష చేయించే ఏర్పాటూ అందులో ఉంది. మీరడిగే డాక్టరు కోర్టు దారిలోనే వస్తున్నాడు కదండీ!

పశువైద్యురాలు
కేసు పెట్టాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. పెడితే మాత్రం సరిగ్గా పెట్టండి. "చాలా పిల్లులు, చాలా కంపు" అని రాస్తే ఏ కోర్టులోనూ నిలవదు. ప్రతి పిల్లికీ ఒక నంబరు, ఫొటో, బరువు, పరీక్ష రిపోర్టు విడివిడిగా ఉండాలి. గోళ్లు పెరిగి వంపు తిరిగి అరికాలి మెత్తలో దిగబడ్డాయంటే అది ఒక్కరోజులో అయ్యే పని కాదు, నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదన్నమాట. అన్నిటికంటే గట్టి సాక్ష్యం తూకం. బయటికి తెచ్చాక మామూలు తిండితోనే, ఏ మందూ లేకుండా పిల్లి వారం వారం బరువు పెరిగిందనుకోండి, "రోగం వల్ల చిక్కిపోయింది" అన్న వాదన అక్కడే తేలిపోతుంది. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా ఎంత ఉందో కిటికీలు తెరవకముందే కొలవాలి. తెరిచాక కొలిస్తే ఏం లాభం?

గోడమీదిపిల్లి
అంతా బానే ఉంది. మరి కేసు తేలేదాకా ఆ పిల్లులు ఎక్కడుంటాయి? సాక్ష్యం కాబట్టి దత్తత ఇవ్వడానికి ఉండదు. నెలలకు నెలలు బోనులో. పిల్లికి చోటు మారితేనే టెన్షన్, ఆ టెన్షన్‌కి లోపల అణిగి ఉన్న హెర్పిస్ వైరస్ మళ్లీ లేస్తుంది, తుమ్ములు, కళ్ల పుసులు మళ్లీ మొదలు. కాపాడటం అంటే ఇదా? ముందు బతిమాలి, ఇష్టపూర్వకంగా రాసిచ్చేలా చేయండి. సంతకం పడ్డ మర్నాడే వాటికి ఇల్లు వెతకొచ్చు.

నల్లకోటు
ఈ మాటకు నేనూ ఒప్పుకుంటా. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీనికే ఒక దారి పెట్టాయి: కేసు నడిచినన్నాళ్లూ జంతువుల ఖర్చు యజమాని కట్టాలి, లేదా హక్కు వదులుకోవాలి. కానీ అందరూ బతిమాలితే వినే రకం కాదు. టఫ్ట్స్ యూనివర్సిటీకి చెందిన పరిశోధకులు హోర్డర్లను మూడు రకాలుగా చెప్పారు: భారం మించి చేతులెత్తేసినవాళ్లు, కాపాడటం తమ వల్లే అవుతుందనుకునేవాళ్లు, జంతువుల్ని వాడుకునేవాళ్లు. మొదటి రకానికి సాయం చాలు. మూడో రకం జాలి కథలు చెప్పి విరాళాలు దండుకుంటుంది. వాళ్ల మీద కూడా కేసు వద్దంటారా నెమ్మదిరాయుడు గారూ?

నెమ్మదిరాయుడు
వాళ్ల మీద పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. రెండో రకం గురించే నా బాధ. ఇంకోటి. పిల్లికూనల్ని అట్టపెట్టెలో పెట్టి రాత్రికి రాత్రే ఆ గుమ్మం ముందు వదిలేసి పోయినవాళ్లు ఎంతమంది? వాళ్ల పేరు ఏ ఫిర్యాదులోనూ ఉండదు.

పశువైద్యురాలు
నిజమే. అయితే వదిలేసినవే కాదు, లోపల పుట్టినవీ ఎక్కువే. ఆడపిల్లికి నాలుగైదు నెలలకే ఎద రావొచ్చు, చూలు రెండు నెలలే. ఆపరేషన్ చేయించని రెండు జతలు చాలు, ఏడాది తిరిగేసరికి లెక్క చేయి దాటిపోతుంది.

మ్యావ్‌రాణి
మరి నిషేధం పెడితే పూర్తిగా పెట్టాలా? ఒక్క పిల్లి కూడా ఉండకూడదంటే ఆ మనిషి ఇల్లు మారి, చాటుగా మళ్లీ మొదలుపెట్టరా?

గోడమీదిపిల్లి
తప్పకుండా మొదలుపెడతారు. ఆపరేషన్ చేసిన రెండు పిల్లుల్ని ఉంచనిచ్చి, ఎప్పుడైనా వచ్చి చూస్తామన్న షరతు పెట్టడం నయం.

నల్లకోటు
షరతు రాయడానికి ఒక పేరా చాలు. వెళ్లి చూసే మనిషి, ఆ మనిషికి జీతం ఎక్కణ్నుంచి వస్తాయో కూడా ఆ ఉత్తర్వులోనే రాయించండి. లేకపోతే రెండో ఏడాది నుంచి ఆ తలుపు ఎవరూ తట్టరు.