అప్‌డేట్: బయట వాడే గ్యాస్ డీప్ ఫ్రయర్‌లో పసుపు మంట

మా ఫ్రయర్ బర్నర్ పసుపు రంగులో మండుతోంది, అడుగంతా మసి పడుతోంది, నూనె ఎంతకీ వేడెక్కడం లేదు అని అడిగాను కదా. సమస్య తీరింది. సిలిండర్ తీసేసి చూస్తే, బర్నర్‌కి గాలి వెళ్లే గొట్టంలో సాలెగూడు! ఆరుబయట ఉంచే గ్యాస్ బర్నర్లలో ఇది తరచూ జరిగేదే. సన్నటి బ్రష్‌తో శుభ్రం చేసి, గాలి షట్టర్ (బర్నర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించి పెంచే మూత) కాస్త తెరిచాక మంట నీలంగా వస్తోంది. తిరిగి బిగించాక గ్యాస్ లీకవుతోందేమో తెలియడానికి అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూశాను. ఈ పని మాత్రం దయచేసి ఎవరూ మానొద్దు. నూనె ఇప్పుడు 175 డిగ్రీలకి త్వరగానే చేరుతోంది.

నూనె త్వరగా నల్లబడకుండా ఏం చేయాలో చెప్పినవాళ్లకి చాలా థాంక్స్. పూర్తిగా చల్లారాక వడకట్టి, వెలుతురు తగలని చోట మూతపెట్టి ఉంచుతున్నాను. వాసన మారితే పారేస్తాను.