నైస్ రాయిలో నల్లమచ్చ: చార్నొకైటేనా? ఇంట్లో తేల్చేదెలా?

మేం బెంగళూరులో ఉంటాం. పోయిన ఆదివారం కనకపుర వైపు కబ్బాళదుర్గ వెళ్లినప్పుడు, కొండ కింద రాలిపడిన అరచేతంత ముక్క ఒకటి తెచ్చాను. లాల్‌బాగ్ గుట్టలో కనిపించే బూడిదరంగు చారల నైస్ (వేడికీ ఒత్తిడికీ మారి, చారలు తేలిన రాయి) లాంటిదే. కానీ మధ్యలో 4 సెంటీమీటర్ల మచ్చ ఉంది. ముదురు ఆకుపచ్చ, నూనె రాసినట్టు మెరుపు. అక్కడికి వచ్చేసరికి చారలు చెరిగిపోయాయి, ఎంత అందంగా ఉందో!

ఆ కొండలో సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న ద్రవాలు పగుళ్ల వెంట చొరబడి నైస్‌ను మచ్చలు మచ్చలుగా చార్నొకైట్ అనే ముదురు రాయిగా మార్చాయని చాలామంది పరిశోధకులు చెబుతారు. హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉంటేనే అది చార్నొకైట్. హార్న్‌బ్లెండ్ అనే మరో నల్ల ఖనిజం కూడా చూడటానికి అలాగే ఉంటుంది, నా గొడవంతా అక్కడే.

కొత్తగా పగిలిన ముఖాన్ని పది రెట్ల లెన్సుతో ఎండలో చూశాను. నల్ల గింజలు 2 మిల్లీమీటర్ల లోపే, ఒకటి రెండు కంచురంగులో ఉన్నాయి. చీలికలు (ఖనిజం సహజంగా విడిపోయే తలాలు) హైపర్‌స్థీన్‌లో దాదాపు 90 డిగ్రీల్లో, హార్న్‌బ్లెండ్‌లో 56, 124 డిగ్రీల్లో కలుస్తాయని తెలుసు. గింజ చిన్నదవడంతో కోణం అందడం లేదు. అయస్కాంతం కొంచెం లాగింది, అది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల కూడా కావచ్చు. గట్టితనం చూద్దామంటే రెండూ దగ్గరదగ్గరే. ఉన్న ఒక్క మచ్చనీ కోసి, మైక్రోస్కోప్‌లో చూసే పలుచటి పలక చేయించడానికి మనసు రావడం లేదు.

ముక్కను కోయకుండా, లెన్సుతోనే హైపర్‌స్థీన్‌ను హార్న్‌బ్లెండ్ నుంచి వేరుగా గుర్తుపట్టడానికి మీరు దేన్ని చూస్తారు?