ఎర్ర ఏల్‌లో హాప్స్ చేదు మాల్ట్‌ను మించితే అది లోపమేనా?

తోతాపురి (చిత్తూరు):
సభ్యులకు నమస్కారం. నా అభిప్రాయాన్ని తీర్పులాగే చెబుతాను, కాదనేవారు కాదనవచ్చు. ఎర్ర ఏల్ అని పేరు పెట్టిన బీరులో హాప్స్ అనే పూల చేదు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజ) రుచిని కప్పేస్తే, అది కాచినవారి లోపమే. గత నెల బెంగళూరులో బావమరిది ఇంట్లో ఒక సీసా తాగాను. రాగి చెంబు రంగు, గానుగ దగ్గర బెల్లం పాకం ముదిరేటప్పుడు వచ్చే వాసన, చివర్లో కాస్తంత చేదు. మరునాడు, అక్కడే బీరు కాచి అమ్మే ఒక బ్రూపబ్‌లో అదే తరహా ఏల్‌ను కుళాయి నుంచి పట్టి ఇస్తే, మొదటి గుక్కకే పచ్చి కాకరకాయ కొరికినట్టయింది. తీపి జాడే లేదు. సీసాలోదే సరైన ఏల్ అని నా వాదన.

బైరాగిపట్టెడ (తిరుపతి):
తోతాపురి గారూ, వేరు వేరు బీర్లను మీరు ఒకే పేరుతో పిలుస్తున్నారేమోనని నా సందేహం. ఐరిష్ రెడ్, అమెరికన్ ఆంబర్, హాప్స్ దండిగా వేసే రెడ్ ఐపీఏ మూడూ గ్లాసులో పోస్తే అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. చేదును కొలిచే ఐబీయూ లెక్కలో మాత్రం, బీరు పోటీల న్యాయనిర్ణేతల కోసం బీజేసీపీ అనే సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మొదటిది 18 నుంచి 28, రెండవది 25 నుంచి 40, మూడవది 40 నుంచి 70. మీకు పట్టి ఇచ్చింది మూడవ రకమైతే, చేదుగా ఉందనడం ఊరుమిండి కారంగా ఉందని అలగడం లాంటిదే. ఈ ఆంబర్ రకాలతో బెంగళూరుకు పాత చుట్టరికమే ఉంది: కాలిఫోర్నియాలోని హాప్‌లాండ్‌లో 1983లో బ్రూపబ్ తెరిచి, రెడ్ టెయిల్ ఏల్‌తో పేరు తెచ్చుకున్న మెండోసినో కంపెనీ 1997లో బెంగళూరుకు చెందిన యూబీ గ్రూపు చేతికి వచ్చింది.

బెల్లం మండీ (చిత్తూరు):
అంకెలతో ఈ తగువు తీరదు. ఐబీయూ బీరులో ఉన్న చేదు పదార్థాన్ని కొలుస్తుందే తప్ప, దాన్ని నాలుక ఎలా అందుకుంటుందో చెప్పదు. హాప్స్‌ను గంటసేపు మరిగిస్తే వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మారి చేదు దిగుతుంది. మంట ఆపే ముందో, బీరు పులిసిన తర్వాతో వేస్తే చేదు తక్కువగా, వాసన ఎక్కువగా వస్తుంది. అటువైపు క్రిస్టల్ మాల్ట్ ఉంటుంది. తడి మాల్ట్‌ను డ్రమ్ములో వేడి చేస్తే గింజలోని పిండి పొట్టు లోపలే చక్కెరగా మారి పాకం పడుతుంది, ఆ తీపిలో కొంత భాగాన్ని ఈస్ట్ తినలేదు గనుక అది బీరులో మిగిలి చేదుకు ఎదురు నిలుస్తుంది. అందువల్ల 50 ఐబీయూ ఒక బీరులో మెత్తగా, మరొక బీరులో గరుకుగా తగలవచ్చు.

అసలు నా అనుమానమంతా మీరు మెచ్చిన ఆ సీసా మీదే. అది ఎన్నాళ్ల క్రితందో, ఎక్కడ ఉంచారో చెప్పగలరా?

తోతాపురి (చిత్తూరు):
బావమరిదిని అడిగాను. సీసా మీది తేదీ ప్రకారం నేను తాగేనాటికి 5 నెలలు దాటాయి. అందులో ఒక వారం ఎండాకాలంలో కారు డిక్కీలో మరచిపోయాడట. అయితే ఏమిటి?

బెల్లం మండీ (చిత్తూరు):
అయితే అంతా అదే. బీరు పాతబడుతుంటే, అందులోనూ వేడిలో ఉంటే, ముందుగా పోయేది హాప్స్ వాసన. తర్వాత చేదు కూడా మెల్లగా తగ్గుతుంది. లోపలి ఆక్సిజన్ వల్ల టాఫీ లాంటి తీపి వాసన పెరుగుతుంది, ఇంకా ముదిరితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. మీరు సమతూకం అనుకున్నది, హాప్స్ సగం చచ్చిన తర్వాత మిగిలిన తీపి. ఇక బ్రూపబ్ గ్లాసు మంచులా చల్లగా ఉండి ఉంటుంది. ఆ చలికి తీపీ వాసనా అణిగిపోయి, చేదు ఒక్కటే పైకి తేలుతుంది. ఒక గ్లాసు మిమ్మల్ని తీపి వైపు మోసం చేస్తే, రెండవది చేదు వైపు మోసం చేసింది.

ఈసారి గ్లాసును 15 నిమిషాలు బల్ల మీద వదిలేయండి. 10, 12 డిగ్రీలకు వచ్చాక ముందు వాసన చూడండి. తోతాపురి కాయను తొడిమ దగ్గర తుంచినప్పుడు చిమ్మే సొన వాసన మీ పేరుకు తెలియనిది కాదు. హాప్స్‌లోని జిగురు వాసన దానికి దగ్గరి చుట్టం. తర్వాత ఒక గుక్క మింగి, అర నిమిషం ఆగి, నాలుక మీద ఏం మిగిలిందో అప్పుడు చెప్పండి.

పలమనేరు రోడ్డు (చిత్తూరు):
బెల్లం మండీ గారి శాస్త్రం ఒప్పుకుంటాను, ముగింపు ఒప్పుకోను. తాజాగా ఉన్నంత మాత్రాన గరుకు చేదు గుణమైపోదు. కాచడంలో దొర్లిన తప్పులను హాప్స్ కింద దాచేవారు ఉన్నారు. పైగా క్రిస్టల్ మాల్ట్ మరీ ఎక్కువ వేసి దాని మీద చేదు గుమ్మరిస్తే రెండూ కలవవు, మాడిన పాకంలో వేపపువ్వు వేసినట్టు విడివిడిగా తగులుతాయి. అలాంటి గ్లాసును ఎంతసేపు వదిలేసినా బాగుపడదు.

తోతాపురి (చిత్తూరు):
మొన్న ఆదివారం అదే బ్రూపబ్‌కు బస్సులో వెళ్లి, అదే ఏల్ అడిగి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. గ్లాసు బయట పట్టిన చెమ్మ ఆరేదాకా ముట్టలేదు. నురగ సన్నని వలయంగా మిగిలింది. వాసనలో సొన ఉంది, దాని వెనక గజనిమ్మ తొక్క ఉంది. గుక్క మధ్యలో, పోయినసారి నాకు దొరకని బెల్లం కనిపించింది, అయితే సీసాలో ఉన్నంత చిక్కగా కాదు. మింగాక మిగిలిన చేదు కాకరకాయది కాదు, పంపరపనస తొనల మీది తెల్ల పొరది. అర నిమిషానికి దానంతటదే తగ్గిపోయింది.

లోపం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. రెండవ గ్లాసుకు మాత్రం ఐరిష్ రెడ్ ఉందా అని అడిగాను, లేదన్నారు.