సమస్యాపూరణం: “అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె”

నిర్వాహకుడు (పర్లాకిమిడి):

ఈ వారపు సమస్య ఇది.

*అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

ఇది ఆటవెలది నాలుగవ పాదం. మనిషిని అమ్మడమేమిటి, అమ్మిన తరువాత వాడు ఆప్తుడు కావడమేమిటి అని చదివినవారికి మొదట తోచాలి. పై మూడు పాదాలు చదివేసరికి ఆ అసంబద్ధత తొలగిపోవాలి. హరిశ్చంద్రుని కథతో దీనిని క్షణంలో పూరించవచ్చు కనుక దానిని ముందే మినహాయిస్తున్నాను. మనలో సగం మంది ఆగస్టు నుండి మే వరకు ఫాంటసీ ప్రీమియర్ లీగు (ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు ఆటగాళ్ళతో ఊహాజట్టు కట్టి, మైదానంలో వారి ఆటను బట్టి పాయింట్లు పొందే ఆట) లెక్కలలోనే మునిగి ఉంటారు కాబట్టి, అమ్మకమైనా ఆప్తత అయినా ఆ ఆటలోనిదే కావాలి.

ఆడనివారి కోసం నాలుగు మాటలు. 100 మిలియన్ల పౌండ్ల ఊహాధనంతో 15 మందిని కొనాలి. వారిలో గోల్‌కీపర్లు ఇద్దరు, డిఫెండర్లు ఐదుగురు, మిడ్‌ఫీల్డర్లు ఐదుగురు, ఫార్వర్డులు ముగ్గురు. ఒకే క్లబ్బు నుండి ముగ్గురికి మించి తీసుకోరాదు. వారానికి ఒక మార్పు ఉచితం, వాడకపోతే 5 వరకు పోగవుతాయి, అంతకు మించి చేసే ప్రతి మార్పుకు 4 పాయింట్లు కోత పడుతుంది. మన లీగులోని ఒడియా మిత్రులు పద్యం చదవలేకపోయినా భావం అడుగుతున్నారు, కనుక ప్రతి పూరణ కింద ఒకటి రెండు వాక్యాల భావం తప్పక రాయగలరు.

బరంపురం సభ్యురాలు:

*ధరలు పెరుగు వేళఁ దగు లాభ మిడె వాఁడు,*
*సగమె చేతి కందె, సగము పోయె;*
*ఆ ధనంబు తోడ నగ్రగణ్యునిఁ గొంటి;*
*అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

భావం: ధర పెరిగిన ఆటగాణ్ణి అమ్మితే లాభంలో సగమే చేతికి వచ్చింది, అయినా ఆ డబ్బు కలవడం వల్లనే మేటి ఆటగాడు నా జట్టులోకి రాగలిగాడు.

రాయగడ సభ్యుడు:

అక్కగారూ, ధారకు వంక పెట్టలేను. లెక్కకు మాత్రం పెడతాను. సగం అన్నది కూడా ఉదారమైన మాటే, ఎందుకంటే ఆ సగాన్ని కిందికి సవరించి దశాంశంలో ఒక అంకెకు తగ్గిస్తారు. 5.0 మిలియన్లకు కొన్నవాడు 5.3కు చేరితే లాభం 0.3, అందులో సగం 0.15, చేతికి వచ్చేది 0.1 మాత్రమే, అంటే అమ్మకం ధర 5.1. కిరాణా కొట్టులో చిల్లర బదులు చేతిలో పెట్టే చాక్లెట్టు కూడా ఇక్కడ దక్కదు.

నిర్వాహకుడు:

పద్యానికి ఆ సవరింపు అవసరం లేదు, “సగమె” అనడంతో నిబంధన తెలిసినవారి గొంతు వినిపించింది. నా అభ్యంతరం మూడవ పాదంలోని “అగ్రగణ్యుని” మీద. ఎవరా అగ్రగణ్యుడు? ఫాంటసీ జట్టు కట్టేవాడికి ఊరూ పేరూ లేని మేటి ఆటగాడు ఉండడు, స్థానమూ ధరా ఉన్న మనిషే ఉంటాడు. యతి చెడకుండా ఇలా మార్చవచ్చు:

*ఆ ధనంబు తోడ నా సలాహునుఁ గొంటి*

“తోడన్” మీది ద్రుతం “ఆ”తో కలిసి “నా” అయింది కనుక స్వరయతి చక్కగా నిలుస్తుంది. పైగా సలాహ్ పేరు ఊరికే అలంకారానికి వచ్చింది కాదు. 2024–25లో లివర్‌పూల్ తరఫున ఆడుతూ అతడు 29 గోల్సు, 18 అసిస్టులతో (తోటివాడి గోలుకు అందించిన బంతులతో) 344 పాయింట్లు తెచ్చి, ఈ ఆటలో ఒక సీజనుకు అత్యధికమనే రికార్డు నెలకొల్పాడు. మైదానం పక్క అంచున ఆడుతూ ఫార్వర్డులా గోల్సు కొట్టే మనిషి జాబితాలో మిడ్‌ఫీల్డరుగా ఉండడమే అందులో కిటుకు: ఫార్వర్డు గోలుకు 4, మిడ్‌ఫీల్డరు గోలుకు 5, దానికి తోడు జట్టు ప్రత్యర్థికి గోలు ఇవ్వకపోతే మిడ్‌ఫీల్డరుకు మరొకటి. ఖరీదైన ఒక్కడి కోసం చవకైన ఇద్దరిని వదులుకోవడం ఎప్పుడు న్యాయమో అర్థం కావాలంటే ఈ స్థానభేదం తెలిసి ఉండాలి.

బరంపురం సభ్యురాలు:

సవరణ స్వీకరిస్తున్నాను. ఇప్పుడు పద్యం నా జట్టులాగానే ఖరీదుగా కనిపిస్తున్నది.

గుణుపురం సభ్యుడు:

*పొరుగు వాఁడు గొనెను పోటీకి నాయకుఁ*
*జేసి మురిసె నెఱ్ఱకార్డు దొరకె;*
*మూఁడు పోయె నతని ముల్లెలో రెట్టిగా;*
*అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

భావం: నేను అమ్మినవాణ్ణి మా వీధిలోని ప్రత్యర్థి కొని కెప్టెన్‌ను, అంటే పాయింట్లు రెట్టింపయ్యేవాణ్ణి, చేశాడు. వాడికి ఎర్రకార్డు పడి, ఆ నష్టం రెట్టింపై ప్రత్యర్థి ఖాతాలో చేరింది. నాకు అంతకన్న మేలు చేసినవాడు లేడు.

నిర్వాహకుడు:

తమ్ముడూ, భావం హాయిగా ఉన్నది. సమస్యలోని విడ్డూరాన్ని విడదీసే తీరులో ఇంతవరకు ఇదే సహజమైన పూరణ. కానీ రెండవ పాదంలో యతి తప్పింది. “జే”కు నాలుగవ గణం మొదటి అక్షరం “కా” చెల్లదు. ప్రాసయతి అందామన్నా “సి”కి “ర్డు” జత కాదు.

గుణుపురం సభ్యుడు:

సవరించిన పాదం: *జేసి మురిసె నెఱ్ఱ చీటి దొరకె.* చకార జకారాలకు మైత్రి ఉన్నది, ఏత్వానికి ఈత్వం చెల్లుతుంది.

రాయగడ సభ్యుడు:

యతి కుదిరింది. ఇక లెక్క. ఎర్రకార్డుకు 3 పాయింట్లు పోతాయి, నిజమే. మైదానంలో అడుగు పెట్టినందుకు వచ్చేది మాత్రం ఎక్కడికీ పోదు. 60 నిమిషాల లోపు బయటికి వెళితే 1, ఆ గీత దాటితే 2 వస్తాయి. కాబట్టి తొలి సగంలో వెళ్ళిపోయినవాడి నికరం మైనస్ 2, కెప్టెన్ అయితే మైనస్ 4. పద్యంలో ఆరు పోయినట్లు ధ్వనిస్తున్నది.

నిర్వాహకుడు:

పోయిన మూడే రెట్టింపయిందని కవి అన్నాడు, వచ్చినదాని ఊసు ఎత్తలేదు. ప్రత్యర్థి నష్టాన్ని చెప్పుకునేవాడు వాడికి దక్కినదాన్ని ఎప్పుడు లెక్కలోకి తీసుకున్నాడు? దానిని కవి స్వభావంగా వదిలేద్దాం.

బరంపురానికి చెందిన మరో సభ్యురాలు:

*కోపమందు నమ్మఁ గూలె మోఁకాలితోఁ*
*దాను మఱుదినంబె, దైవ మనఁగ;*
*నాల్గు పోవు బాధ నాకుఁ దప్పెను గదా!*
*అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

భావం: వరుసగా గోలు కొట్టలేదని కోపంతో అమ్మివేశాను. మరునాడే మోకాలు దెబ్బతిని పడిపోయాడు. అమ్మి ఉండకపోతే 4 పాయింట్లు పణంగా పెట్టి తీసివేయవలసి వచ్చేది.

నిర్వాహకుడు:

అమ్మా, గణాలు యతులు నిర్దోషంగా ఉన్నాయి, “దా”కు “దై” వేయడం ముచ్చటగా ఉన్నది. అయినా ఈ పూరణకు నేను పెద్ద పీట వేయలేను. ఇందులో సమస్యను విప్పింది కవి కాదు, అదృష్టం. అమ్మడానికి కారణం కోపం. మేలు జరగడానికి కారణం ఆ కోపంతో సంబంధం లేని గాయం. ఈ రెంటి నడుమ పద్యంలో ఏ లంకె లేదు. మార్పు ఫలించింది కనుక మంచి మార్పు అనుకునే అలవాటు మన లీగులో బలంగా ఉన్నది, పద్యాలలోకి కూడా అదే దిగుతున్నదని నా అనుమానం. మార్పు చేసే క్షణాన చేతిలో ఏ సమాచారం ఉన్నది, దానితో ఏమి తేల్చుకున్నాము అన్నదానిని బట్టి మార్పును తూచాలి. ఆదివారం రాత్రి వచ్చిన పాయింట్లను బట్టి శుక్రవారం నాటి తెలివిని కొలవరాదు.

ఈ సందర్భంలో మన లీగులో తరచు రేగే వాదం ఒకటి చెప్పవలసి ఉన్నది. చాలామంది కొంటున్న ఆటగాడి ధర రాత్రికి రాత్రి 0.1 పెరుగుతుందనే భయంతో వారం మొదట్లోనే మార్పు చేసేవారు కొందరు. శిక్షకులు విలేకరుల ముందు ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరికి విశ్రాంతి ఇస్తారో చెప్పేవరకు, అంటే సాధారణంగా శుక్రవారం వరకు, ఆగేవారు మరికొందరు. నేను రెండవ పక్షంవాణ్ణి. పెరిగిన 0.1లో అమ్మేటప్పుడు మనకు దక్కేది ఏమీ లేదని రాయగడ వారు పైన చూపిన లెక్కే చెబుతున్నది, నడుమ వారంలో ఐరోపా పోటీ ఆడిన జట్టువాడు దెబ్బ తగిలించుకుంటే పోయేది మాత్రం ఒక మార్పు మొత్తం. గడువు మొదటి ఆటకు 90 నిమిషాల ముందు ముగుస్తుంది. ఇంగ్లండులో శనివారం 12:30కు ఆట మొదలయితే మనకు ఆగస్టులో మధ్యాహ్నం 3:30కు, అక్కడి గడియారాలు వెనక్కి జరిగిన తరువాత నవంబరులో 4:30కు తలుపు మూసుకుంటుంది. అంతవరకు ఆగే ఓపిక ఉన్నవారికి ఆ మధ్యాహ్నం ఇచ్చినంత సమాచారం మంగళవారం ఇవ్వదు. గుణుపురం రైలులో నౌపడా దాటాక సిగ్నలు నిలవదనే సాకు మీద ముందే మార్పు చేసేవారిని క్షమించవచ్చు.

బరంపురానికి చెందిన ఆ సభ్యురాలు:

మాస్టారూ, తీర్పు శిరోధార్యమే. కానీ పద్యంలో “దైవ మనఁగ” అని నేనే ఒప్పుకున్నాను కదా. అదృష్టాన్ని తెలివిగా చెప్పుకున్నవారి మీద ఈ కోపం చూపించండి.

రాయగడ సభ్యుడు:

*వారమొకటి కొఱకు వదలితి నందఱ;*
*మఱల వచ్చి రింటి మనుజు లట్లు;*
*వెడలఁగొట్టఁబడిన వీరుండె గోల్ గొట్టె;*
*అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

భావం: ఫ్రీహిట్ అనే అవకాశం వాడి ఒక్క వారానికి జట్టునంతా మార్చాను. మరుసటి వారం పాతవారందరూ వాటంతట అవే తిరిగి వచ్చారు, పంపివేసినవాడే వచ్చి గోలు కొట్టాడు.

బరంపురం సభ్యురాలు:

భావంలో “వాటంతట అవే” ఏమిటండీ? ఆటగాళ్ళు కుర్చీలు కారు, “వారంతట వారే” అనండి. పద్యం మాత్రం చక్కగా నడిచింది. కప్పు సెమీఫైనల్సు వల్ల చాలా జట్లకు ఆట లేని వారంలో ఫ్రీహిట్ వాడి ఉంటారని ఊహించుకోవలసి వస్తున్నది, ఆ సూచన ఒక్క మాటలోనైనా ఉంటే బాగుండేది.

నిర్వాహకుడు:

నాకు మరొక సందేహం. ఫ్రీహిట్‌లో పాత జట్టు, కొన్న ధరలతో సహా, అలాగే భద్రంగా ఉండి వారం తిరిగేసరికి తిరిగి వస్తుంది కాబట్టి అది అమ్మకం అవుతుందా? కవి కూడా మొదటి పాదంలో “వదలితి” అన్నాడే గాని “అమ్మితి” అనలేదు, నాలుగవ పాదం వచ్చేసరికి అమ్మకం ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది.

జయపురం సభ్యుడు, మొదటి పూరణ:

*గాయపడిన వార్త కలవరపఱచినఁ*
*జట్టు నందె యుంచి జరుపుకొంటి;*
*మేలు చేసె నతఁడు మిన్నగా, నా యెద*
*నమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

భావం: గాయం వార్త వచ్చినా అమ్మలేదు, మనసులో నమ్మి ఉంచుకున్నాను, ఆ నమ్మినవాడే ఆప్తుడయ్యాడు.

నిర్వాహకుడు:

చమత్కారం బాగున్నది. “యెదన్” లోని నకారం పొల్లుతో సమస్య అర్థమే తలకిందులయింది. అయితే పాదం మొదటి అక్షరం నిజమైన “న” అయితే, నాలుగవ గణంలోని “యాప్తు”తో యతి పోతుంది. “అమ్మిన” అని విడదీస్తే యతి నిలుస్తుంది గాని భావం పోతుంది. రెండు పడవల మీద కాలు పెట్టిన ఈ పూరణను సరదాకు మెచ్చుకుంటాను, లెక్కలోకి తీసుకోలేను.

రాయగడ సభ్యుడు:

చెవికి ఒకటే కదా మాస్టారూ. శ్లేష అనుకోరాదా?

నిర్వాహకుడు:

చెవికి ఒకటే అయిన చోటనే యతిని గట్టిగా పట్టుకోవాలి. శ్లేషలో రెండు అర్థాలూ యతికి నిలవాలి.

జయపురం సభ్యుడు, రెండవ పూరణ:

*కప్పుకొఱకు నతఁడు ఖండంబు దాటంగ*
*నమ్మి, ధర తఱిగిన యపుడు కొంటి;*
*మఱల నింటఁ జేరి మా రాశి పెంచెను;*
*అమ్మినట్టివాఁడె యాప్తుఁడయ్యె*

భావం: ఆఫ్రికా దేశాల కప్పు ఆడడానికి ఆటగాడు వెళ్ళినపుడు అమ్మాను. అందరూ అమ్మడంతో అతడి ధర తగ్గింది, అపుడు తిరిగి కొన్నాను. అతడు తిరిగి వచ్చి పాయింట్లు తెచ్చాడు.

నిర్వాహకుడు:

ఈ వారానికి ఇదే నా ఎంపిక. ఇక్కడ అమ్మకం నిజమైన అమ్మకం, కారణం ముందే తెలిసినది, తిరిగి కొనడం ఆలోచించి చేసినది. అమ్మిన చర్యే ఆప్తతకు దారి తీసింది, అదృష్టానికి చోటు తక్కువ. 2024 జనవరిలో ఐవరీ కోస్టులో ఆ కప్పు జరిగినపుడు వారాల తరబడి ఆడని ఖరీదైన మనుషులను బెంచి మీద ఉంచుకున్నవారికీ, అమ్మి ఆ డబ్బును పనిలో పెట్టినవారికీ తేడా మన పట్టికలోనే కనిపించింది. ధర తగ్గకముందే తిరిగి కొని ఉంటే పాత లాభంలో సగం శాశ్వతంగా పోయేది, “ధర తఱిగిన యపుడు” అన్న మాట ఆ లొసుగును కూడా మూసింది. రెండవ పాదంలో “నమ్మి”కి “యపుడు” స్వరయతి. ద్రుతం వల్ల వచ్చిన నకారం కనుక ఇక్కడ దోషం లేదు. ఇందాకటి పూరణకు, దీనికి ఉన్న భేదం జయపురం వారే ఒకే రోజు రెండు విధాలా చూపించారు.

వచ్చే వారపు సమస్య కూడా ఆటవెలదిలోనే:

*ఆడకుండ మనకు నాట గెలుపు*

ఆడనివాడి స్థానంలో బెంచి మీది వాడు తానుగా జట్టులోకి వచ్చే నిబంధనను పలువురు వాడుకుంటారని ఊహిస్తున్నాను. గోల్‌కీపరు స్థానంలోకి గోల్‌కీపరే వస్తాడని, మిగిలినవారు మీరు పేర్చిన వరుసలో వస్తారని, డిఫెండర్లు ముగ్గురికి తగ్గరాదని మరువకండి. రాయగడ వారు లెక్క చూస్తారు. పూరణలు శనివారం గడువు లోపల అందాలి.