రొయ్యల గుంట కాపలాతో నిద్ర దూరమైన మనిషికి ఒత్తిడి తగ్గే మార్గం ఏమిటి?

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మా వారు రెండు రొయ్యల గుంటలు సాగు చేస్తున్నారు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కనుక, కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వేసి, నీటిలోకి గాలి చేర్చే ఏరియేటర్లు తిప్పకపోతే పంట చేజారుతుందన్న భయంతో ఆయన ఫోను గుండెల మీద పెట్టుకునే పడుకునేవారు. రొయ్యల పట్టుబడి అయిపోయి నెల దాటినా, రాత్రి ఫ్యాను ఆగితే చాలు, ఉలిక్కిపడి లేచి చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్నారు. చేయి పట్టుకుంటే అరచేయి చెమటతో తడిసి ఉంటోంది.

ప్రమాద సమయంలో శరీరాన్ని సిద్ధం చేసే అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు నెలల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర, రక్తపోటు దెబ్బతింటాయని చదివాను. మందు తాగితే నిద్ర పడుతుందని తోటి రైతులు చెబుతున్నారు గానీ, మద్యం నడిరాత్రి నిద్రను చెడగొడుతుంది కాబట్టి నేను ఒప్పుకోలేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేద్దామంటే, "నాకేమన్నా పిచ్చా?" అని కోప్పడుతున్నారు.

ఆయన నొచ్చుకోకుండా ఈ మాట మళ్లీ ఎలా ఎత్తాలి? వచ్చే పంటకు కాపలా వంతులు వేసుకోవడం, పడుకునే ముందు నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం వంటివి గుంటల మీద బతికే వారికి నిజంగా ఉపయోగపడ్డాయా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.